తిమింగలముల లెక్క

భూతలమున నూటికి డెబ్బది వంతులు సముద్రజలముచే ఆవరింపబడియున్నది. ఆ జలరాశిలో అసంఖ్యాకములగు చేపలతోపాటు, చేపలవలె నీట మెలగుచు చేపలు కాని జంతువులు కొన్ని నివసించుచున్నవి. తిమింగలములు, డాల్ఫినులు, సముద్రపు ఆవులు, సీలులు అట్టివి. ఇవి గ్రుడ్లు పెట్టక పిల్లలను కనును. ఆ పిల్లలకు పాలిచ్చి పెంచును. ఊపిరితిత్తులతో గాలిని పీల్చును. వీని రక్తము మానవుల రక్తమువలెనే వెచ్చనిది. అందుచేత శాస్త్రజ్ఞులు వీనిని సముద్రక్షీరదములని పిలుతురు.

ఒక గ్రామమున ఎన్ని పశువులున్నవో తెలిసికొనుట కష్టము కాదు. సాయంకాలము మంద ఇంటికి మరలునప్పుడు ఊరి పొలిమేరలో నిలుచుండి లెక్కింపవచ్చును. అడవిలోని మృగములను గూడ అడుగుజాడలను బట్టి కొంతవరకు లెక్కకట్టవచ్చును. సముద్రములో అడుగుజాడలు నిలువవు. తిమింగలము తన జీవితములో అధికభాగము నీటి లోపలనే గడపును. నేడు ఒక తీరమున కనబడినది కొన్ని నెలలకు వేలకొలది కిలోమీటర్ల దూరమున నుండవచ్చును. పరిశోధించు శాస్త్రజ్ఞులు కొలదిమంది. ఓడలకగు వ్యయము అధికము. ఇట్టి స్థితిలో సముద్రమున తిమింగలములెన్ని కలవు, అవి పెరుగుచున్నవా, తరుగుచున్నవా అను ప్రశ్నకు సమాధానము దొరకుట ఎట్లు?

ఇందుకు ప్రకృతియే ఒక మార్గము చూపినది. ఎంత లోతున మునిగినను తిమింగలము ఊపిరికొఱకు నీటిపైకి రాక తప్పదు. పైకి వచ్చినప్పుడు అది తలమీది నాసికారంధ్రములనుండి గాలిని బలముగా వదలును. ఆ గాలితో కూడిన తుంపర తెల్లని పొగవలె పైకి లేచును. నిర్మలమైన దినమున ఆ తుంపర తీరమునుండి కొన్ని కిలోమీటర్ల దూరము వరకు కన్పట్టును. దానిని చూచుటకు ఓడ అక్కరలేదు. గొప్ప విద్వాంసుడు కావలసిన పనియు లేదు. ఓర్పుతో చూచు కన్నులు, చూచినదానిని చూచినట్లు వ్రాయు చేయి ఉన్న చాలును.

ఈ విధముగా సామాన్యప్రజలు జీతము నాశింపక, శాస్త్రజ్ఞులు నిర్ణయించిన పద్ధతి ననుసరించి ప్రకృతిని పరిశీలించి, తాము కనుగొన్న విషయములను శాస్త్రమునకు సమర్పించుటకు పౌరవిజ్ఞానమని పేరు. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 1900వ సంవత్సరమున అమెరికాలో ఫ్రాంక్ చాప్మన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు, క్రిస్మస్ పండుగనాడు పక్షులను వేటాడు ఆచారమునకు బదులుగా, వానిని లెక్కించు ఆచారమును ప్రవేశపెట్టెను. ఆ సంవత్సరము అందు పాల్గొన్నవారు 27 మంది మాత్రమే. ఆ లెక్క నేటికిని సాగుచున్నది. పక్షులకొఱకు ఆరంభమైన ఈ పద్ధతి కాలక్రమమున సముద్రజంతువులకును విస్తరించినది.

సముద్రక్షీరదములలో ప్రజలు ఎక్కువగా పరిశీలించినది హంప్‌బ్యాక్ అను తిమింగలము. నీట మునుగునప్పుడు అది వీపును ఎద్దు మూపురమువలె పైకి వంచును గనుక దానికా పేరు కలిగినది. పెరిగిన తిమింగలము 12 మొదలు 15 మీటర్ల పొడవుండును. దాని ప్రక్కఱెక్కలు శరీరపు పొడవులో మూడవవంతు వరకు నుండును. ఇంత పెద్ద జంతువు తినునది రొయ్యలను బోలిన చిన్న ప్రాణులను, చిన్న చేపలను. దాని నోట దంతములకు బదులు జల్లెడవంటి పలకలుండును. పెద్ద గ్రుక్కలో నీటిని, ఆహారమును ఒక్కసారిగా తీసికొని, ఆ పలకలగుండ నీటిని వెలుపలికి త్రోసి ఆహారమును మ్రింగును.

నూనెకొఱకును మాంసముకొఱకును మానవులు ఈ తిమింగలములను విచక్షణలేక వేటాడిరి. 1966 నాటికి ఉత్తర పసిఫిక్ మహాసముద్రమున ఇవి రెండువేలకు మించి మిగిలియుండలేదని అంచనా. ఆ సంవత్సరమున అంతర్జాతీయ తిమింగలవేట సంఘము వీని వేటను నిషేధించినది. అయినను నిషేధము కాగితముమీద నుండగా సముద్రముమీద వేరొకటి జరిగినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము దక్షిణార్ధగోళమున తన ఓడలు చంపిన హంప్‌బ్యాకులు 2,710 అని సోవియట్ ప్రభుత్వము ప్రకటించెను. 1993లో అలెక్సీ యాబ్లొకోవ్ అను రష్యన్ శాస్త్రజ్ఞుడు రహస్యపత్రముల సంగతి బయటపెట్టగా, నిజమైన సంఖ్య 48 వేలకు పైబడినదని లోకమునకు తెలిసినది. తప్పులెక్కలను నమ్మి అంతవరకు ప్రపంచము తిమింగలముల క్షయమునకు కారణము తెలియక కలవరపడినది. ఒక అసత్యసంఖ్య ఎంత హాని చేయగలదో ఇందువలన స్పష్టమగుచున్నది. సత్యమైన సంఖ్య చేయు మేలు ఎట్టిదో ఇక చూడవలసియున్నది.

పసిఫిక్ మహాసముద్రమధ్యమున హవాయి దీవులున్నవి. ఇవి అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఒక రాష్ట్రము. వేసవిలో అలాస్కా సమీపమున చల్లని నీటిలో కడుపునిండ మేసిన హంప్‌బ్యాకులు, శీతకాలమున సుమారు 4,800 కిలోమీటర్లు ఈది ఈ దీవుల వెచ్చని నీటికి వచ్చును. ఇచ్చటనే అవి జతకట్టును, పిల్లలను కనును. అప్పుడే పుట్టిన పిల్ల నాలుగు మీటర్ల పొడవున సుమారు ఒక టన్ను బరువుండును. ఇచ్చట ఉన్నంతకాలము పెద్దవి ఇంచుమించు ఉపవాసముననే యుండును. తల్లి తన శరీరమున నిలువచేసికొన్న క్రొవ్వుతోనే పిల్లకు పాలివ్వవలెను. 1992లో అమెరికా శాసనసభ ఈ తీరజలములను తిమింగలముల రక్షితప్రదేశముగా నిర్ణయించినది.

ఆ రక్షితప్రదేశపు నిర్వాహకులు 1996లో ప్రజలచే తిమింగలములను లెక్కించు కార్యక్రమమును ఆరంభించిరి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో చివరి శనివారమున ఇది జరుగును. తిమింగలములు అధికముగా వచ్చు కాలమది. మావి దీవిలో వేరొక సంస్థ ఇట్టి లెక్కనే నడపుచుండెను. 2019 నుండి రెండు లెక్కలును ఒకే దినమున, ఒకే పద్ధతిని జరుగుచున్నవి.

ఆనాటి ఉదయము స్వచ్ఛందసేవకులు సముద్రమునకు ఎదురుగానున్న కొండకొమ్ములమీదను, ఎత్తైన తీరస్థలములమీదను చేరుదురు. వారిలో విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు, ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులు నుందురు. ప్రతి స్థలమునకును ఒక నాయకుడుండును. అతడు ముందుగా శిక్షణ పొంది, తక్కినవారికి పద్ధతిని బోధించును. ఎనిమిది గంటలకు లెక్క ఆరంభమై మధ్యాహ్నము వరకు సాగును. ఆ కాలమును 15 నిమిషముల భాగములుగా విభజింతురు. ఒక్కొక్క భాగమున ఎన్ని తిమింగలములు కనబడినవో, అవి ఏమి చేసినవో పత్రమున గుర్తింతురు. తుంపర చిమ్మినదా, నీటినుండి పైకెగిరినదా, ప్రక్కఱెక్కతో నీటిని చఱచినదా, తోక నెత్తి మునిగినదా యని వేర్వేరుగా వ్రాయుదురు. గాలి, మేఘము, అలల స్థితి గూడ నమోదగును. గాలి బలముగానున్నప్పుడు తెల్లని నురుగు తుంపరను మరుగుపరచును. అట్టి దినమున తక్కువ కనబడుటకు తిమింగలములు తగ్గుట కారణము కాకపోవచ్చును.

దీవులన్నింట ఒకేవేళ లెక్కించుటలో ఒక యుక్తి కలదు. ఒకరు సోమవారమున ఒక దీవిలోను, మరియొకరు శుక్రవారమున వేరొక దీవిలోను లెక్కించినచో అదే తిమింగలము రెండుమారులు లెక్కకు రావచ్చును. ఒకే పావుగంటలో అందఱును చూచినచో అట్టి పొరపాటు తగ్గును. ఏటేట అదే కాలమున, అవే స్థలములనుండి, అదే పద్ధతిని లెక్కించుటవలన ఒక సంవత్సరమును మరియొక సంవత్సరముతో పోల్చుటకు వీలగును. ఈ లెక్కవలన సముద్రమునందలి తిమింగలముల మొత్తము సంఖ్య తేలదు. హెచ్చుతగ్గుల గమనము తెలియును. వైద్యుడు రోగి నాడి చూచునట్లు ఈ సేవకులు సముద్రపు నాడి చూచుచున్నారు.

ఇందు అన్నిటికంటె కష్టమైన పని యొకటి కలదు. ఒక్కొక్కప్పుడు పావుగంట గడచినను ఒక్క తిమింగలమైనను కనబడదు. అప్పుడు పత్రమున సున్న వ్రాయవలెను. తెల్లవారకముందే లేచి దూరమునుండి వచ్చినవారికి సున్న వ్రాయుటకు మనస్సొప్పదు. దూరమున మెరసిన అలను తిమింగలమనుకొనవలెనని ఆశ పుట్టును. ఆ ఆశకు లొంగినవాడు లెక్కను చెడగొట్టినవాడగును. సున్న వ్రాయక పత్రమును ఖాళీగా విడిచినను నష్టమే. చూచినను కనబడలేదా, అసలు చూడనేలేదా యను భేదము ఖాళీ పత్రమువలన తెలియదు. కాబట్టి నిజాయితీగా వ్రాసిన సున్న పదితో సమానమైన విలువ గలది.

తీరముననుండి లెక్కించుట ఒక పద్ధతి. ఒక్కొక్క తిమింగలమును వేర్వేరుగా గుర్తించుట మరియొక పద్ధతి. హంప్‌బ్యాకు లోతునకు మునుగునప్పుడు తోకను పైకెత్తును. ఆ తోక అడుగుభాగమున తెలుపు నలుపు మచ్చలుండును. అంచు రంపపుపండ్లవలె నుండును. ఒకదాని మచ్చలు మరియొకదానికి ఉండవు. మనుష్యులకు వ్రేలిముద్ర యెట్టిదో ఈ తిమింగలమునకు తోక యట్టిది. 1970వ దశకమున అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున స్టీవెన్ కాటోనా మొదలగు శాస్త్రజ్ఞులు ఈ విషయమును గ్రహించి, ఉత్తర అట్లాంటిక్ తిమింగలముల తోకల ఛాయాచిత్రములను కూర్చి ఒక పట్టికను సిద్ధపరుప నారంభించిరి. అప్పటినుండి విహారయాత్రికుని కెమేరా గూడ శాస్త్రసాధనమైనది.

ఒక నిదర్శనము చూడుడు. 1999 ఆగస్టులో దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ తీరమున పరిశోధకులు ఒక ఆడ తిమింగలము తోకను ఛాయాచిత్రమున బంధించిరి. 2001 సెప్టెంబరులో ఆఫ్రికాకు తూర్పుననున్న మడగాస్కర్ తీరమున ఒక విహారయాత్రికుడు తిమింగలములను చూడబోయి ఒక తోకను చిత్రించెను. అతడు ఆ చిత్రమును పిమ్మట అంతర్జాలమున ఉంచగా పరిశోధకులు దానిని కనుగొని పాత చిత్రములతో పోల్చిరి. రెండును ఒకే తిమింగలము! అది కనీసము 9,800 కిలోమీటర్లు ప్రయాణము చేసినట్లు 2010లో ప్రకటింపబడెను. ఆడ తిమింగలములు అంత దూరము పోవునని అంతకుముందు ఎవ్వరును ఊహింపలేదు. ఆ యాత్రికుడు శాస్త్రమునకు సేవ చేయవలెనని బయలుదేరినవాడు కాడు. చిత్రమును దాచక పదిమందికి చూపుటవలననే ఆ సేవ జరిగినది.

2015లో అమెరికాలో టెడ్ చీజ్‌మన్ అను పరిశోధకుడు మరికొందఱి సాయముతో హ్యాపీవేల్ అను సంస్థను స్థాపించెను. లోకములో ఎవ్వరైనను తాము తీసిన తోక చిత్రమును, తేదీని, స్థలమును ఈ సంస్థకు పంపవచ్చును. మునుపు ఒక చిత్రమును వేలకొలది చిత్రములతో పోల్చుటకు మనుష్యులు గంటలకొలది కూర్చుండవలసి వచ్చెడిది. ఇప్పుడా పని కంప్యూటరు స్వల్పకాలమున చేయుచున్నది. పంపినవానికి ఆ తిమింగలము ఇదివరకెక్కడ కనబడినదో తెలియజేయబడును. ఇట్టి చిత్రములవలననే, 2013లోను 2017లోను కొలంబియా తీరమున కనబడిన ఒక మగ తిమింగలము 2022లో ఆఫ్రికాలోని జాంజిబార్ సమీపమున కనబడినట్లు తేలినది. ఆ రెండు స్థలములకు నడుమ దూరము 13 వేల కిలోమీటర్లకు పైగా నున్నది.

దూరప్రయాణముల కథలు ఆశ్చర్యము కలిగించును. అయితే ఈ లెక్కల ముఖ్యప్రయోజనము వేరు. వేట ఆగిన తరువాత పసిఫిక్ హంప్‌బ్యాకులు క్రమముగా వృద్ధిచెందినవి. 2016లో అమెరికా ప్రభుత్వము, ప్రపంచమునందలి 14 హంప్‌బ్యాక్ సమూహములలో తొమ్మిదింటికి ఇక అంతరించు అపాయము లేదని నిర్ణయించి, వానిని ఆ జాబితానుండి తొలగించెను. హవాయికి వచ్చు సమూహము అందులో నొకటి. అందఱును సంతోషించిరి. కాని సరిగా ఆ కాలముననే హవాయి తీరమున చూపరులకు తిమింగలములు తక్కువగా కనబడసాగినవి. 2013 మొదలు 2018 వరకు మావి దీవి సమీపమున తల్లీపిల్లలు కనబడుట నూటికి 76 వంతులు తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి.

ఈ తగ్గుదల నిజమా, లేక తిమింగలములు వేరొక చోటికి పోయినవా యను సందేహము కలిగెను. దానిని తీర్చుటకు ఒక్క దీవిని చూచిన చాలదు; ఉత్తర పసిఫిక్ నంతటిని చూడవలెను. పరిశోధకులు హ్యాపీవేల్‌నందు చేరిన చిత్రములను పరిశీలించి 2024లో ఫలితమును వెల్లడించిరి. ఆ చిత్రములలో శాస్త్రజ్ఞులు తీసినవి కొన్ని. పడవవారును యాత్రికులును తీసినవి కొన్ని. 2012లో ఉత్తర పసిఫిక్‌నందు సుమారు 33,500 హంప్‌బ్యాకులుండెను. 2021 నాటికి అవి సుమారు 26,700కు తగ్గినవి. హవాయికి వచ్చు సమూహమున మూడవవంతు లోపించినది. 2014 మొదలు 2016 వరకు ఉత్తర పసిఫిక్ నీరు ఎన్నడును లేనంతగా వేడెక్కినది. ఆ వేడికి ఆహారమైన చిన్నప్రాణులు కొఱవడినవి. ఆకలిచే తిమింగలములు మరణించియుండునని శాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి.

నడిసముద్రమున మరణించిన తిమింగలము తఱచుగా అడుగునకు మునిగిపోవును. దాని మరణమునకు సాక్షి యుండడు. వేలకొలది ప్రజలు ఏటేట చిత్రములు తీసి పంపకున్నచో, ఏడువేల తిమింగలముల లోటును లోకము ఎఱిగియుండెడిది కాదు. రోగము తెలిసినగాని చికిత్స ఆరంభము కాదు. ఒకప్పుడు అధికారులు వ్రాసిన తప్పులెక్క తిమింగలముల నాశమును కప్పిపుచ్చినది. నేడు సామాన్యులు వ్రాసిన నిజమైన లెక్క వాని ఆపదను బయటపెట్టినది.

ఈ పని భారతదేశమునకు దూరమైనది కాదు. అరేబియా సముద్రమున వలసపోక సంవత్సరమంతయు అచ్చటనే యుండు హంప్‌బ్యాకుల చిన్న సమూహ మొకటి కలదు. ఒమన్ తీరమున అవి నూటికి లోపుగానే యున్నవని అంచనా. 2017లో ఒమన్ తీరమున లుబాన్ అను పేరుగల ఆడ తిమింగలమునకు ఉపగ్రహమునకు సంకేతము పంపు పరికరము నమర్చిరి. అది అరేబియా సముద్రమును దాటి భారతదేశపు దక్షిణతీరమునకు వచ్చినది. ఒడిస్సాలోని చిలికా సరస్సున ఇరావతి డాల్ఫినులు నివసించుచున్నవి. ఆంధ్రతీరమున వేటకు పోవు మత్స్యకారులకును డాల్ఫినులు చిరపరిచితములే. ఎవ్వరును వ్రాసియుంచనందున వారు చూచినదానిలో అధికభాగము వారితోనే అంతరించుచున్నది. ఈ లోపమును తీర్చుటకు భారతీయ పరిశోధకులు ఒక పట్టికను నిర్వహించుచు, ప్రజలు చూచిన సముద్రక్షీరదముల వార్తలను, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన వాని వార్తలను అందు చేర్చుచున్నారు.

ఇట్టి సేవ చేయగోరువారు కొన్ని నియమములను పాటింపవలెను. జంతువును వెంబడించి బెదరింపరాదు. హవాయి జలములలో హంప్‌బ్యాకునకు సుమారు 90 మీటర్లలోపునకు పోవుట చట్టవిరుద్ధము. చూచిన తేదీ, వేళ, స్థలము, సంఖ్య వెంటనే వ్రాసికొనవలెను. ఇంటికి పోయి జ్ఞాపకమునుండి వ్రాసినది నమ్మదగినది కాదు. ఏ జాతియో తెలియనప్పుడు ఊహించి పేరు పెట్టక, తెలియలేదని వ్రాయవలెను. ఒడ్డున పడియున్న జంతువు కనబడినచో దానిమీద ఎక్కుట, తోకపట్టి లాగుట తగదు. జనమును దూరముగా నుంచి అటవీశాఖవారికి వెంటనే తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము తిమింగలములకును డాల్ఫినులకును రక్షణ కల్పించుచున్నది.

శాస్త్రమనగా పెద్ద ప్రయోగశాలలలో మాత్రమే పెరుగునదని పలువురు తలంతురు. సముద్రతీరమున ఒక రాతిమీద కూర్చుండి, గడియారము చూచుకొనుచు, కనబడినది కనబడినట్లును, కనబడనిది కనబడలేదనియు వ్రాయు బాలుడును శాస్త్రమునకు తోడ్పడుచున్నాడు. అతడు వ్రాసినది ఒక చిన్న అంకె. అది సత్యమైనచో, అట్టి అంకెలు వేలు చేరి, నోరులేని మహాజంతువుల స్థితిని లోకమునకు తెలుపును. బిందువులు చేరి సింధువగునట్లు, సామాన్యుల సత్యనిష్ఠ చేరి విజ్ఞానమగుచున్నది.